పసివాడి పేరు మీద జరిమానా

అంగలకుదురులో ఉండి గల్ఫ్ ఫోను కోసం ఎదురుచూసే తల్లిదండ్రులకు మేము ఒక మాట చెప్పదలిచాము.

యు.ఎ.ఇ.లో వీసా గడువు దాటితే రోజుకు 50 దిర్హాముల జరిమానా. అక్కడ పుట్టిన బిడ్డకు 120 రోజుల్లో నివాస అనుమతి తీయకపోతే, ఆ పసివాడి పేరు మీదా జరిమానా పెరుగుతుంది. 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు ఆ ప్రభుత్వం వీటిని మాఫీ చేసింది. సంతోషమే. కాని పెద్దల పొరపాటుకు పిల్లలు బాధ్యులా? పిల్లల మినహాయింపుకు గడువు ఉండరాదని మేమంటాము. మన ప్రభుత్వం ఈ సంగతి అక్కడి వారితో మాట్లాడాలి.

మన రాయబార కార్యాలయాల్లో 2009 నుంచి ప్రవాస భారతీయుల సంక్షేమ నిధి ఉంది. చిక్కుకుపోయిన నిరుపేదలకు విమాన టిక్కెట్టు దాని నుంచే ఇస్తారు. అక్కడ మనవాళ్లు కట్టే రుసుములతోనే అది నిండుతుంది. అది భిక్ష కాదు. సిగ్గుపడక అడగమని మీ బిడ్డలకు చెప్పండి.