తప్పించుకోవాల్సింది ట్రాఫిక్‌ను, నిద్రను కాదు



సెలవులు రాగానే అంబర్‌పేట్, నారాయణగూడల నుంచి ఎన్నో కుటుంబాలు గిరిప్రదక్షిణ కోసం కారులో అరుణాచలం బయల్దేరతాయి. ట్రాఫిక్ ఉండదని రాత్రి 11 గంటలకు స్టార్ట్ అయ్యేవాళ్లు చాలామంది. ఊరు తేలిగ్గా దాటేస్తాం, నిజమే. కానీ నిద్ర ముంచుకొచ్చే 2 నుంచి 5 గంటల మధ్య స్టీరింగ్ ముందు ఉండేది పగలంతా ఆఫీసులో పనిచేసి వచ్చిన మనిషి. వెనక సీట్లో పిల్లలు బెల్టు లేకుండా పడుకుని ఉంటారు. 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టు పెట్టకపోతే చట్టప్రకారం రూ.1,000 జరిమానా. అసలు భయం జరిమానా గురించి కాదు కదా!

ట్రాఫిక్‌ను మంచి దారి ఎంచుకుని కూడా తప్పించుకోవచ్చు. ఉదయం 5 గంటలకు బయల్దేరి, ఎల్బీనగర్ మీదుగా సాగర్ రోడ్డులో బొంగుళూరు దగ్గర ఔటర్ ఎక్కితే, ఆఫీసుల రద్దీ మొదలయ్యేలోపే శంషాబాద్ దాటి బెంగళూరు హైవే మీద ఉంటాం. కర్నూలులో ఆ హైవే వదిలి నంద్యాల, కడప, రాయచోటి, చిత్తూరు మీదుగా వేలూరు చేరితే బెంగళూరూ తగలదు, చెన్నైా తగలదు. రాత్రికి కడపలోనో చిత్తూరులోనో ఆగితే సరి.

ఒక రోజు, ఒక హోటల్ గది అదనమవుతాయి. అందరికీ అన్ని సెలవులు దొరకవు కూడా. రెండు రోజులే ఉంటే రైల్లో వెళ్దాం, లేదా దగ్గరి ఊరు చూద్దాం. తిరుగు ప్రయాణాన్ని మాత్రం స్కూలు తెరిచే ముందు రాత్రికి పెట్టుకోకండి.