కంటికి రంగులా? వేసుకోండి, గీత దాటకండి!

"మా అక్క పెళ్ళికి నెమలిపింఛం రంగు పట్టుచీర తీసుకున్నాను. కనురెప్పలకు కూడా అదే రంగు వేసుకోవాలని నా ఆశ. 'కళ్ళు పాడవుతాయే' అని అమ్మ కోప్పడుతోంది. 'పగటివేషంలా ఉంటుంది' అని మేనత్త నవ్వుతోంది. డాక్టరుగారూ, మీరే తీర్పు చెప్పాలి."

తెనాలి నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది.

తీర్పు చెప్పడానికి నేను జడ్జిని కాను గాని, ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉందని మాత్రం చెప్పగలను. మీ ఆశలో తప్పు లేదు. అమ్మ భయం వట్టిది కాదు. మేనత్త నవ్వులో కూడా ఒక సలహా ఉంది. ముగ్గురికీ కలిపి నేను చెప్పే మాట ఒక్కటే. కనురెప్పల వెంట్రుకలు మొలిచే వరుస ఉంది చూశారూ, అదే లక్ష్మణరేఖ. దానికి బయట రంగు మీ ఇష్టం. దానికి లోపలి భాగం కంటి సొత్తు. అక్కడ ఏమీ పెట్టకండి.

ఏడ్చినందుకు కాదు

కొన్నేళ్ళ క్రితం ఒక కొత్త పెళ్ళికూతురిని అత్తవారు నా దగ్గరకు తీసుకువచ్చారు. కుడికన్ను ఎర్రబడి, రెప్ప వాచిపోయి ఉంది. వెలుతురు వైపు చూడలేకపోతోంది. అప్పటికి పెళ్ళయి మూడు రోజులు. "అప్పగింతలప్పుడు బాగా ఏడ్చిందండీ, అందుకే ఎర్రబడిందనుకున్నాం" అన్నది అత్తగారు. అందరూ అలాగే అనుకున్నారట. కొత్తచోట ఎవరికి చెప్పుకోవాలో తెలియక ఆ అమ్మాయి నొప్పిని ఓర్చుకుంది.

అసలు జరిగింది వేరు. రెప్పల మీద అద్దిన తళుకుపొడి కంట్లో పడింది. మంటకు ఆమె కన్ను నలుపుకుంది. ఆ రేణువు నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే కార్నియా పొరను గీరింది. గీరినచోట సూక్ష్మజీవులు చేరి పుండు పడింది. వెంటనే కంటి ఆసుపత్రికి పంపాను. పుండు మానింది, చూపు దక్కింది. కాని మానినచోట చిన్న మచ్చ మిగిలిపోయింది. ఆ కంటితో చూస్తే నేటికీ కాస్త మసకే.

అందుకే ఈ ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఏడుపు వల్ల అయితే రెండు కళ్ళూ ఎర్రబడతాయి, కొద్ది గంటల్లో తేరుకుంటాయి. ఒక్క కన్నే ఎర్రబడి, నొప్పి పెడుతూ, వెలుతురుకు తట్టుకోలేకపోయినా, చూపు మసకబారినా అది ఏడుపు కాదు. ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

లోపల ఎందుకు వద్దు?

రెప్పల అంచున, వెంట్రుకల వెనుక, సన్నని నూనె గ్రంథులు వరుసగా ఉంటాయి. పై రెప్పలో సుమారు 25 నుంచి 40, కింది రెప్పలో 20 నుంచి 30. వీటినుంచి వచ్చే నూనె కన్నీటిపై పలుచని పొరగా నిలిచి, అది త్వరగా ఆరిపోకుండా కాపాడుతుంది. రెప్ప లోపలి అంచుకు రోజూ పెన్సిలు రుద్దితే ఈ గ్రంథుల నోళ్ళు మూసుకుపోతాయి. కళ్ళు పొడిబారడం, మంట, కంటికురుపులు అలా మొదలవుతాయి.

ఇక అందులో కలిసే పదార్థాల సంగతి. సంప్రదాయంగా సుర్మాను నూరే రాళ్ళలో సీసపు ఖనిజం కూడా ఉంది. సీసం శరీరంలో చేరితే, ముఖ్యంగా పసిపిల్లల మెదడుకు హాని. మన దేశంలో 2020 నాటి సౌందర్య సాధనాల నిబంధనలు రంగు కోసం సీసం, ఆర్సెనిక్ సమ్మేళనాలు వాడరాదని చెబుతున్నాయి. కాబట్టి తయారీదారు పేరు, లైసెన్సు నంబరు, గడువు తేదీ లేని డబ్బాను ఎంత చవకగా వచ్చినా కొనకండి.

ఈ జాగ్రత్త ఊరికే పుట్టలేదు. 1933 ప్రాంతంలో అమెరికాలో 'లాష్ లూర్' అనే కనురెప్పల రంగు వాడి కొందరు స్త్రీలు చూపు పోగొట్టుకున్నారు. 1938లో అక్కడ సౌందర్య సాధనాలను కూడా చట్టం కిందకు తేవడానికి దారితీసిన ఉదంతాలలో అదొకటి. తలకు వేసే రంగును కనుబొమలకో, రెప్పలకో పూసేవారు ఈ సంగతి మరువకూడదు.

ముదురు రంగు, తక్కువ చోటు

ఇప్పుడు మేనత్త మాట. కూచిపూడి నర్తకి కళ్ళను చెవుల దాకా బారుగా తీర్చుకుంటుంది. చివరి వరుసలో కూర్చున్నవారికి కూడా ఆమె చూపు అందాలి కదా! మీ మేనత్త మిమ్మల్ని మూరెడు దూరం నుంచి చూస్తుంది. ఆ దూరానికి తగినంతే వేసుకుంటే ఆవిడ నవ్వదు.

నెమలిపింఛం రంగు, ముదురు నీలం, నేరేడుపండు రంగు, రాగి రంగు చామనఛాయ మీద చక్కగా పలుకుతాయి. మరీ లేత రంగులు బూడిద పూసినట్టు కనిపిస్తాయి. ఒక ముదురు రంగు చాలు. దాన్ని వెంట్రుకల వరుసకు పైన మొదలుపెట్టి, రెప్ప మడత దాకా అద్ది, అంచును వేలితో చెరిపినట్టు పలుచన చేయండి. కనుబొమ దాకా లాగకండి. కళ్ళకు ముదురు రంగు వేసినరోజు పెదవులకు లేత రంగే బాగుంటుంది. చీర రంగే కావాలని పట్టింపు కూడా లేదు. అంచు రంగు తీసుకున్నా అందమే.

కుంచెను పొడిలో అద్దాక ఒకసారి దులపండి. కన్ను మూసుకుని అద్దండి. కింద గీత కావాలంటే వెంట్రుకలకు వెలుపల గీయండి. తళుకుపొడి, హోలీ రంగులు, బొమ్మలకు వేసే రంగులు కంటి దగ్గరకు రానివ్వకండి.

కొత్త రంగును పెళ్ళిరోజే మొదటిసారి వాడవద్దు. మోచేతి లోపలివైపు రెండు మూడు రోజులు కొద్దిగా రాసి చూడండి. దురద, దద్దురు వస్తే మానేయండి. రెప్ప చర్మం శరీరం మొత్తంలోకి పలుచనిది. కొందరికి గోళ్ళరంగు పడకపోయినా ఆ దురద ముందు రెప్పల మీదే కనిపిస్తుంది.

తీసేయడమూ అలంకరణలో భాగమే

పెళ్ళి అలసటతో రంగుతోనే పడుకోవద్దు. మేకప్ తీసే ద్రవం గాని, కాస్త కొబ్బరినూనె గాని దూదికి అద్ది, మూసిన రెప్ప మీద అర నిమిషం ఉంచి కిందికి తుడవండి. రుద్దకండి. తరువాత మంచినీళ్ళతో కడుక్కోండి.

కాటుక, మస్కారా, కుంచె ఎవరివి వారికే. పెళ్ళికూతురి కుంచె పదిమంది రెప్పల మీద తిరిగితే, ఒకరి కళ్ళకలక పదిమందికీ అంటుతుంది. మేకప్ చేసే అమ్మాయిని శుభ్రమైన కుంచె అడగడానికి మొహమాటపడకండి. మస్కారాను మూడు నెలలకు మించి వాడవద్దు. కంటికి ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు వాడినవన్నీ పారేయండి. ఎర్రబడిన కంట్లో చనుబాలు, ఆముదం వేయకండి. మందులషాపులో అడిగి స్టిరాయిడ్ చుక్కలు తెచ్చుకోవడం అంతకంటే ప్రమాదం.

ఇక తెనాలి అమ్మాయికి: రంగు వేసుకోండి. అమ్మకు ఈ పేజీ చదివి వినిపించండి.

మరి రెండు ప్రశ్నలు

* కళ్ళజోడు పెట్టుకునేవారు కళ్ళకు రంగులు వేసుకోవచ్చా?

నిరభ్యంతరంగా. మైనస్ అద్దాల వెనుక కళ్ళు చిన్నవిగా కనిపిస్తాయి కనుక కాస్త ముదురు రంగే నప్పుతుంది. ప్లస్ అద్దాలు కళ్ళను పెద్దవి చేసి చూపిస్తాయి కాబట్టి పలుచగా, నీటుగా వేయాలి. కాంటాక్ట్ లెన్సులైతే రంగుకు ముందే పెట్టుకోండి, రంగు తుడవకముందే తీసేయండి. ఒకరి లెన్సు మరొకరు పెట్టుకోవడం ఎప్పుడూ పనికిరాదు.

* మా పాపకు ఐదు నెలలు. కాటుక పెడితే కళ్ళు పెద్దవవుతాయని మా అత్తగారంటారు. నిజమేనా?

నిజం కాదు. కాటుక వల్ల కళ్ళు పెరగవు. వేలిగోరు తగలవచ్చు, మురికి చేరవచ్చు, కన్నీరు దిగే సన్ననిదారి మూసుకుపోవచ్చు. అత్తగారి మాట కాదనలేకపోతే, ఇంట్లో చేసిన కాటుకతో పాప అరికాలికి దిష్టిచుక్క పెట్టండి. పాపకు దిష్టి తగలకుండా చూసుకున్నామని అత్తగారికి తృప్తి, కంటికి క్షేమం.