‘దిగేవాళ్లు’ ఎవరు?

ఇంటికి సెప్టిక్ ట్యాంకు కట్టించడానికి కాంట్రాక్టరును పిలిచాను. ఇటుక, సిమెంటు, కూలి లెక్కలన్నీ చెప్పాడు. నిండితే ఎలా అని అడిగాను. ‘దిగేవాళ్లు ఉన్నారు సార్’ అన్నాడు.

ఆ ‘వాళ్లు’ ఎవరో అతను చెప్పలేదు. ఈ దేశంలో చెప్పనక్కర్లేదు, కులం ఎప్పుడో చెప్పేసింది.

రక్షణ ఏర్పాట్లు లేకుండా మనిషిని ట్యాంకులో దించి కడిగించడాన్ని 2013 చట్టం 7వ సెక్షన్ నిషేధించింది. ఇంటి యజమానికీ మినహాయింపు లేదు. మొదటి నేరానికే 2 ఏళ్ల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మురుగు మరణాల పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023లో 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది.

కానీ పరిహారం చావు తర్వాతి మాట. చావుకు పునాది ఇంటి ప్లానులోనే పడుతోంది. ట్యాంకర్ గొట్టం అందని మూలలో కట్టి, మూతల మీద టైల్స్ పరిచేస్తే, రేపు అందులోకి దిగాల్సింది మనిషే. లోపలి హైడ్రోజన్ సల్ఫైడ్ క్షణాల్లో స్పృహ తప్పించగలదు.

అందుకే నా షరతులు కాగితం మీద పెట్టాను: ట్యాంకు వీధి వైపు ఉండాలి, ప్రతి గదికీ తెరుచుకునే మూత ఉండాలి, మనిషి దిగకూడదు.

కుల నిర్మూలనపై సెమినార్ పత్రాలు రాసే మిత్రులారా, మీ ఇంటి ప్లాను కూడా ఒకసారి చదవండి.