బద్ధకానికి ఎన్ని చప్పుళ్లు!

జపాను కథల అనువాదాలు దిద్దుతున్నప్పుడు ఒక మాట దగ్గర మా కలం ఆగిపోతుంటుంది: ‘బద్ధకంగా’. ఇంగ్లీషు మీదుగా మనదాకా వచ్చిన కథలో ఆదివారం పూట చాప మీద దొర్లేవాడూ బద్ధకంగానే ఉంటాడు, ఆఫీసులో పని సాగదీసేవాడూ బద్ధకంగానే ఉంటాడు. జపానీలో ఎవరి మాట వారికుంది. దొర్లేవాడిది ‘గొరొగొరొ’. ఉరుముకీ, పిల్లి గొంతులో గురగురకీ కూడా అదే చప్పుడు. సాగదీసేవాడిది ‘దరదర’. చెమట కారినా, చొంగ కారినా అదే మాట. మన ‘ధార’తో దానికి చుట్టరికం లేదు గానీ చెవి ఒప్పుకోదు.

‘నిన్నంతా ఇంట్లో గొరొగొరొ’ అంటే ఒళ్లు ఎలా పడి ఉందో చెప్పడమే, అందులో తిట్టు లేదు. మనకేమన్నా ధ్వన్యనుకరణలకు కరువా? వానకి, నవ్వుకి, కోపానికి కావలసినన్ని. బద్ధకం దగ్గరికొచ్చేసరికి మాత్రం ముందు నోటికొచ్చేది ‘సోమరిపోతు’.

ఇక ‘సబొరు’. బడికి డుమ్మా కొట్టడం. ఫ్రెంచివారి ‘సాబొటాజ్’ని సగానికి కోసి, మనం ‘ఇంచు’ తగిలించినట్టు ‘రు’ తగిలించి క్రియ చేసుకున్నారు. 1919 సెప్టెంబరులో కోబే నగరంలోని కవసాకి ఓడల కర్మాగారం కార్మికులు గేటు దాటి లోపలికి వెళ్లారు, ఎవరి చోట వాళ్లు నిలబడ్డారు, పని మాత్రం చేయలేదు. నెల తిరక్కుండానే యాజమాన్యం ఎనిమిది గంటల పనిదినానికి దిగివచ్చింది. జనం నోళ్లలో ‘సాబొటాజ్’ అన్న మాట నానింది ఆ రోజుల్లోనే. ఇవాళ క్లాసు ఎగ్గొట్టే కుర్రాడి నోట్లో ఒక కార్మిక పోరాటం ఉందని ఆ కుర్రాడికి తెలియకపోవచ్చు.

మురొమాచి కాలపు కథల్లో మొనొగుస తరో అని ఒకడున్నాడు. పేరులోనే ఉంది, పని అంటే గిట్టనివాడు. చేతిలోని బియ్యపు ముద్ద జారి దారిలోకి దొర్లితే లేచి తెచ్చుకోడు. ఎవరైనా రాకపోతారా అని మూడు రోజులు కాచుకుంటాడు. చివరికి గుర్రమెక్కి వచ్చిన దొరనే అందించమంటాడు. దొర నివ్వెరపోయి, వీడికి రోజూ తిండి పెట్టమని ఊరివాళ్లకు హుకుం జారీ చేస్తాడు. ఆ మూడు రోజులూ కుక్కలూ కాకులూ ముద్ద దగ్గరికి రాకుండా తరో పడుకున్నచోటు నుంచే కర్ర ఆడిస్తూ ఉన్నాడు. ఆ కర్ర వదిలేసి, ఉత్త ‘బద్ధకస్తుడు’ అని రాసి పంపిన అనువాదాన్ని మేం తిప్పి పంపుతాం.