కాగితమునకు లేని పన్ను అక్షరమునకేల?

సిద్ధేంద్రయోగి భామాకలాపమును అభ్యసించు బాలికలు నేడు కృష్ణా డెల్టాలోని కూచిపూడి అగ్రహారములోనేగాక డల్లాసులోను, న్యూజెర్సీలోను, సిడ్నీలోను కలరు. తాము అభినయించు దరువునకు అర్థమేమో, ఆ కలాపమునకు పుట్టుపూర్వోత్తరములేమో చదివి తెలిసికొనవలెనని వారికి కోరిక పుట్టినచో, ఏనాడో కొద్ది ప్రతులు అచ్చుపడి, అవి చెల్లిపోయి, పునర్ముద్రణకు నోచుకొనని గ్రంథములే అనేకపర్యాయములు వారికి దిక్కగుచున్నవి. విజయవాడ ఏలూరు రోడ్డులోని ఏ పుస్తకాల షాపులోనో ఒక ప్రతి దొరికినను, దానిని సముద్రము దాటించుటకగు తపాలా ఖర్చు పుస్తకము వెలను మించిపోవును. ఇట్టి పాఠకుల కొరకే పుట్టినదా యనిపించు ఈ-పుస్తకమును మన ప్రచురణకర్తలలో పలువురు ఇంకను చేరదీయకపోవుటయు, చేరదీసిన కొందరు అచ్చుపుస్తకముతో సమానముగా వెలకట్టుటయు మాకు సమ్మతము కాదు. ఈ-పుస్తకము వెల అచ్చుపుస్తకపు వెలలో సగమును మించరాదు.

సగమే యేల? అచ్చుపుస్తకపు వెలలో కాగితము, ముద్రణము, బైండింగు, గోడౌను, రవాణా అను ఖర్చులు ఇమిడియున్నవి. వీటిపై విక్రేతల కమీషను ముప్పది నలుబది శాతము వరకు పోవును. తెరపై చదువు పుస్తకమునకు ఇందు మొదటివన్నియు లేవు. అట్లని అది ఊరక వచ్చు వస్తువని భ్రమించి, వాట్సాప్ బృందములలో దొంగ పీడీఎఫ్‌లను పంచుకొనుటయే సాహిత్యసేవయని తలచువారి వాదమును మేము అంతకంటె తీవ్రముగా నిరసింతుము. రచయిత శ్రమ అట్లే యున్నది, సంపాదకుని శ్రమ అట్లే యున్నది. పైగా తెలుగునకు మాత్రమే తెలిసిన చిక్కు మరొకటి కలదు. దశాబ్దములుగా మన డీటీపీ కేంద్రములలో పుస్తకములు పేజ్‌మేకరులో, ‘అను’ పేరుగల లిపులలో కూర్చబడినవి. ఆ లిపులు యూనికోడు కావు. వాటిని మార్చునపుడు ఒత్తులు తారుమారగును, గుణింతములు చెదరును, పుటపుటయు మరల ప్రూఫు దిద్దవలసివచ్చును. ఈ శ్రమకు వెరచియే పలువురు పుటల ఛాయాచిత్రముల వంటి పీడీఎఫ్‌ను అమ్మి ఈ-పుస్తకమనుచున్నారు. చేతిఫోనులో అక్షరము పెద్దది చేసినకొలది వాక్యము తెరదాటి పోవు ఆ సరకును కొన్నవాడు రెండవమారు కొనడు. ప్రూఫురీడరునకు న్యాయమైన వేతనమిచ్చి, అక్షరములు తెరకు తగినట్లు సర్దుకొను ఈపబ్ రూపమున పుస్తకమును తెచ్చినచో సగము వెల అడుగుట ధర్మమే.

కొన్నవానికి దక్కునదేమో కూడ చూడవలెను. అచ్చుపుస్తకమును మిత్రునికి ఎరువియ్యవచ్చును, చదివిన పిమ్మట లెనిన్ సెంటరులోని పాతపుస్తకాల దుకాణమునకు అమ్మవచ్చును. ఈ-పుస్తకము కొన్నవానికి తరచు చదువుకొను అనుమతి మాత్రమే లభించును. 2009లో అమెజాన్ సంస్థ హక్కుల వివాదమును చూపి, పాఠకులు కొనిన ఆర్వెల్ నవలలను వారి కిండిల్ పరికరములనుండి తొలగించెను. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తక విక్రయశాలను మూసివేసి, సొమ్ము తిరిగి ఇచ్చెనేగాని పుస్తకములను పాఠకులకు మిగుల్చలేదు. ఇంత చంచలమైన స్వామ్యమునకు పూర్తి వెల పుచ్చుకొనుట అన్యాయము.

మాకు అంతకంటె విస్మయము కలిగించునది ప్రభుత్వపు లెక్క. జీఎస్టీలో అచ్చుపుస్తకమునకు పన్ను లేదు. ఈ-పుస్తకముపై మొదట 18 శాతము విధించి, 2018 జూలైలో దానిని 5 శాతమునకు తగ్గించినప్పుడు, అచ్చులో కూడ ఉన్న పుస్తకములకే ఆ తగ్గింపు వర్తించునని నిబంధన పెట్టిరి. అనగా కాగితముపై అచ్చువేయించు స్తోమత కల రచయిత పుస్తకమునకు తక్కువ పన్ను, ఆ స్తోమతలేక తెరకే పరిమితమైన రచన ఎక్కువ పన్నుకు పాత్రము! ఏ ఆర్థికశాస్త్రము ఈ నీతిని బోధించెనో మాకు తెలియదు. ఈ భేదమును రద్దుచేసి, ఈ-పుస్తకమును సైతము పన్ను లేని వస్తువుల వరుసలో చేర్పవలెను.

రాష్ట్రప్రభుత్వపు బాధ్యతయు తక్కువ కాదు. 1960 నాటి గ్రంథాలయ చట్టము క్రింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల వంతున ప్రజలు గ్రంథాలయ సెస్సు చెల్లించుచున్నారు. అందులో ఒక భాగముతో ఈ-పుస్తకములను కొని, మొవ్వ, అవనిగడ్డ, గుడివాడ పాఠకులకు ఎరువీయుటకు అడ్డేమి? విశ్వవిద్యాలయములు, అకాడమీలు ప్రజాధనముతో ప్రచురించిన గ్రంథములు, అందు కూచిపూడి యక్షగానములను గూర్చినవియు, ఈ-పుస్తకములుగా వెల లేకయే లభింపవలెను. ప్రజలు వాటి వెలను పన్ను రూపమున ఒకమారు చెల్లించియే యున్నారు.

తక్కువ వెల పుస్తకమును చంపునను భయము కృష్ణాతీరవాసులకు ఉండదగదు. 1914లో గ్రంథాలయోద్యమపు తొలి మహాసభ జరిగినది బెజవాడలో. 1935లో పాతూరి నాగభూషణముగారు పడవపై గ్రంథాలయము నడిపినది కృష్ణా కాలువలో. ఇంటింటికి గ్రంథాలయమను సంకల్పముతో పాకెట్ పుస్తకములను మధ్యతరగతి ఇండ్లకు చేర్చిన ఎమెస్కో పుట్టినది బందరులో. వెల దిగినపుడు పాఠకుడు పెరుగునని వారు ఆచరణలో చూపిరి. ఈ-పుస్తకముల విషయమున మాత్రము మనము వెనుకబడితిమి. 2016 డిసెంబరులో కిండిల్ హిందీ, తమిళము, మరాఠీ, గుజరాతీ, మలయాళములకు ద్వారము తెరచినపుడు తెలుగునకు ఆ వరుసలో చోటు లేకపోయెను. 2010లో హైదరాబాదున వెలసిన కినిగె తెలుగు ఈ-పుస్తకములను అమ్ముటయేగాక అద్దెకిచ్చి చూచినది. పరదేశసంస్థల దయకై నిరీక్షించుటకంటె మన ప్రచురణకర్తలు కూడి ఉమ్మడి విక్రయశాల నొకటి నెలకొల్పుకొనుట మేలు.

రాబోవు విజయవాడ పుస్తకమహోత్సవమునకు వచ్చు ప్రచురణకర్తలు తమ జాబితాలలో ప్రతి పుస్తకమునకెదుట ఈ-పుస్తకపు వెలను కూడ అచ్చువేసి తీసికొని రావలెనని కోరుచున్నాము.