గోండి భాషకు కావలసింది లిపి ఒక్కటే కాదు

2011 జనగణనలో సంస్కృతాన్ని మాతృభాషగా నమోదు చేసుకున్నవారు 24,821 మంది. గోండిని నమోదు చేసుకున్నవారు సుమారు 29.8 లక్షల మంది. అయినా సంస్కృతం రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూల్‌లో ఉంది, గోండి లేదు. 2003లో 92వ సవరణ ద్వారా సంథాలీ, బోడో భాషలు ఉద్యమ బలంతో ఆ జాబితాలో చేరాయి. పలు రాష్ట్రాల మధ్య చీలిపోయి, ఏ రాష్ట్రంలోనూ అధికార భాష కాలేకపోయిన గోండికి ఆ బలం సమకూరలేదు.

లక్షల్లో ఉన్న సంఖ్యను చూసి ఈ భాషకు ముప్పు లేదనుకోవడం పొరపాటు. బడి, కచేరీ, సంత ఒక్కొక్కటిగా పరభాషల వశమైనప్పుడు భాష ఇంటికి పరిమితమవుతుంది. తర్వాతి తరంలో ఇంటినీ వదులుతుంది. ఆదిలాబాద్‌లో తెలుగు, మరాఠీల నడుమ గోండి ఎదుర్కొంటున్న స్థితి ఇదే.

గోండిపై పరిశోధన జరగలేదని కాదు. 1940లలో హైమన్‌డార్ఫ్ గోండుల జీవితాన్నీ గాథలనూ గ్రంథస్థం చేశాడు. 1968లో పి.ఎస్. సుబ్రహ్మణ్యం వర్ణనాత్మక వ్యాకరణం వెలువడింది. గుంజాల గ్రామంలో వెలుగుచూసిన రాతప్రతుల లిపికి 2018లో యూనికోడ్‌లో స్థానం లభించింది. ఇవన్నీ అవసరమే. అయితే గోత్రాల పుట్టుక, పెర్సాపేన్ ఆరాధన, ఎవరితో వియ్యమందవచ్చో చెప్పే నియమం ఉన్నది కిక్రి వాద్యంతో రాత్రంతా సాగే గాథల్లో. నిత్య వ్యవహారంలో వినిపించని పదాలెన్నో అక్కడే బతికివున్నాయి.

ఆ గాథలను మోస్తున్నది ఎవరు? ప్రధానులు, తోటీలు. గోండు కుటుంబాలకు వంశపారంపర్యంగా పాడే వీరిని ఆ గోండు సమాజమే తమకంటే తక్కువవారిగా చూసింది. ఇంట్లో మరాఠీ మాట్లాడే ప్రధానులు గోండి పురాణాలకు సంరక్షకులు కావడం విశేషం. ఆదివాసీ భాష గురించి మాట్లాడేవారు ఆదివాసుల మధ్యనున్న ఈ అంతరాన్ని దాటవేయరాదు.

ఈ గానం కేవలం కళ కాదు, ఒక జీవనాధారం. గాయకుడికి ధాన్యమో పశువో ఇచ్చే గోండు రైతు చేతిలో భూమి ఉన్నంతకాలం ఆ బంధం నిలిచింది. భూమి అన్యాక్రాంతమైన చోట రైతూ కూలీ అయ్యాడు, గాయకుడూ కూలీ అయ్యాడు. కనుక 1/70 చట్టం అమలు భూసమస్యే కాదు, భాషాసమస్య కూడా.

నమోదు చేసేవారు పాటను ముక్కలుగా కాక, సందర్భంతో, అర్థంతో, పూర్తిగా నమోదు చేయాలి. గాయకుడి పేరు సమాచారదాతల జాబితాలో కాదు, రచయిత స్థానంలో ఉండాలి. అతని శ్రమకు ప్రతిఫలం దక్కాలి. ప్రతులు నగరాల భాండాగారాల్లోనే కాక ఆ గూడెం బడిలోనూ ఉండాలి. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పించాలని 350ఏ అధికరణం 1956 నుంచి చెబుతూనే ఉంది. ఆ బోధనకు ఉపాధ్యాయులను గోండు, ప్రధాన్, తోటి యువత నుంచే నియమించడం ప్రభుత్వం చేయగలిగిన మొదటి పని.