ఇంటి దాకా తీగ ఎవరి ఖర్చు?

అప్పో సప్పో చేసి ఇల్లు కట్టుకున్నవాడికి గృహప్రవేశం నాటికి చేతిలో పైస మిగలదు. పర్మిషన్‌కు కట్టాడు, నల్లాకు కట్టాడు, కరెంటు మీటరుకు కట్టాడు. ఇక ఇంటర్నెట్ పెట్టించుకుందామని ఫోన్ చేస్తే వచ్చే జవాబు ఒకటే: “మీ గల్లీకి మా లైను రాలేదు. మెయిన్ రోడ్డు నుంచి కేబుల్ గుంజాలి. ఆ ఖర్చు మీరే పెట్టుకోవాలి.” నగరం నడిబొడ్డున అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాడికి కనెక్షన్ ఉచితం. ఊరి చివర ప్లాటు కొనుక్కుని ఇల్లు కట్టుకున్న చిరుద్యోగికి మాత్రం అది మరో అప్పు. ఇదెక్కడి లెక్క అని మేము అడుగుతున్నాం.

ఆ ఉచితమూ ఉచితం కాదు. ఆరు నెలలకో ఏడాదికో ముందే కట్టించుకుంటారు. దాని మీద 18 శాతం జీఎస్టీ. కట్టలేనివాడు బిగింపు ఖర్చు వేరుగా ఇచ్చుకోవాలి. నెలనెలా జీతం మీద బతికేవాడే ఎక్కువ చెల్లించే ఏర్పాటు ఇది.

అసలు ఖర్చు ఎక్కడుందో చూద్దాం. ఫైబర్ అంటే వెంట్రుక మందం గాజు పోగు. ఒక్క పోగును స్ప్లిటర్ డబ్బాలో చీల్చి 32 ఇళ్లకు ఇవ్వొచ్చు. తీగ ఖరీదు పెద్దది కాదు. మనిషి కూలి, రోడ్డు తవ్వకం, తవ్విన రోడ్డును పూడ్చేందుకు మునిసిపాలిటీ వసూలు చేసే సొమ్ము, ఖర్చంతా అక్కడుంది. గల్లీలో ముప్పై ఇళ్లుంటే అది ముప్పై మందికి పంచుకుపోతుంది. నాలుగిళ్లే ఉంటే నలుగురి నెత్తిన పడుతుంది. అందుకే కంపెనీ కాలనీ నిండే దాకా ఆగుతుంది. కంపెనీలు ధర్మసత్రాలు కావు, లాభం లేనిదే తీగ వెయ్యవు. రోడ్డు కోతకు చార్జీలు బాదుతున్నారన్న వాటి గోడులో కూడా అబద్ధం లేదు. కానీ కాలనీ నిండే దాకా అక్కడి పిల్లలు చదువు ఆపుకోవాలా? కోచింగ్ పాఠం, ఉద్యోగ దరఖాస్తు, హాల్‌టికెట్, ఫలితం అన్నీ ఆన్‌లైన్ చేసిన సర్కారు, ఆ లైను మాత్రం నీ చావు నువ్వు చావమంటే ఎట్లా? ఇంటి నుంచి పని చేసే ఉద్యోగి ఫోన్ హాట్‌స్పాట్ పట్టుకుని డాబా ఎక్కి కూర్చోవాలా?

జనం ఇప్పటికే కట్టలేదా అంటే, కట్టారు. టెలికం కంపెనీలు తమ సవరించిన స్థూల ఆదాయంలో 5 శాతం సర్వజన సేవా నిధికి చెల్లిస్తాయి. అది మన బిల్లుల్లోంచి పోయే సొమ్మే. ఆ నిధికి ఇప్పుడు డిజిటల్ భారత్ నిధి అని పేరు మార్చారు. పల్లెలకు ఫైబర్ వేసే పథకానికి కేంద్రం 2011లో ఆమోదం తెలిపింది. తర్వాత అదే భారత్‌నెట్ అయింది. తీగ పంచాయతీ ఆఫీసు దాకా వచ్చి ఆగింది, అక్కడి నుంచి ఇంటికి రావడమే గగనమైంది. 2023 ఆగస్టులో మళ్లీ 1,39,579 కోట్లు మంజూరు చేశారు. మన దగ్గర మిషన్ భగీరథ కందకాల్లోనే నీళ్ల పైపు పక్కన ఫైబర్ గొట్టం కూడా వేశారు. మంచి ఆలోచన, కాదనం. 2024 డిసెంబర్‌లో కొన్ని గ్రామాల్లో టీ-ఫైబర్ సేవలు మొదలుపెట్టారు. నల్లా ఇంటింటికీ పోయినప్పుడు దాని పక్కనే పడుకున్న గొట్టం ఇంటింటికీ ఎందుకు పోదు?

గొట్టం లేనిచోట తీగ కరెంటు స్తంభం ఎక్కుతుంది. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత నగరంలో స్తంభాల మీది కేబుళ్లు కత్తిరించారు. ఎన్నో ఇళ్లల్లో ఇంటర్నెట్ ఆగింది, గొడవ హైకోర్టు దాకా పోయింది. స్తంభాల మీద తీగల గుట్ట ప్రమాదమే, తియ్యాల్సిందే. అయితే భూమిలో దారి చూపకుండా కత్తెర పట్టుకుంటే బలయ్యేది వినియోగదారుడే.

దారి చూపడం అంత కష్టమా? లేఅవుట్‌కు అనుమతి ఇచ్చేటప్పుడు రోడ్లు, మోరీలు, నీళ్ల లైను, కరెంటు లేనిదే సంతకం పెట్టకూడదు కదా. ఆ జాబితాలో ఒక ఖాళీ గొట్టం చేర్చితే చాలు. రోడ్డు వెయ్యకముందు వేస్తే దాని ఖర్చు ప్లాటు ధరలో కనపడనే కనపడదు, సీసీ రోడ్డు పడ్డాక పగలగొట్టి వెయ్యాలంటేనే తడిసి మోపెడవుతుంది. ఇంగ్లండ్‌లో 2022 డిసెంబర్ 26 నుంచి కొత్త ఇంటికి వేగవంతమైన ఇంటర్నెట్ ఏర్పాట్లు చేయడం బిల్డరు బాధ్యత. ఇంటికి 2,000 పౌండ్ల దాకా ఆ ఖర్చు అతనిదే. మన కేంద్రం కూడా 2022లోనే నమూనా భవన నిబంధనల్లో దీనిపై అనుబంధం చేర్చింది. ఉమ్మడి గొట్టాలు అన్ని కంపెనీలకూ సమానంగా అందుబాటులో ఉండాలని 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం చెబుతోంది. ఇది ముఖ్యం. గొట్టం ఒక్క కంపెనీ చేతిలో పెడితే కాలనీ మొత్తం దానికి బందీ అవుతుంది. ఆ కంపెనీ చెప్పిందే ధర.

కాబట్టి మేము కోరేది ఇదీ: ఖాళీ గొట్టం లేని లేఅవుట్‌కు అనుమతి ఇవ్వొద్దు. ఇప్పటికే ఉన్న కాలనీల్లో మోరీకో నల్లాకో రోడ్డు తవ్విన రోజే గొట్టం కూడా వెయ్యాలి. కనెక్షన్‌కు ఎంత, మీటరు కేబుల్‌కు ఎంత, వాపసు వచ్చే డిపాజిట్ ఎంత అన్నది తెలుగులో రాసి ఇవ్వనిదే ఏ కంపెనీ పైసలు తీసుకోకూడదు. ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలు ఇస్తున్న సర్కారు, పునాది నుంచి స్లాబు దాకా ప్రతి దశలో ఇంజనీరును పంపి ఫొటో తీయిస్తోంది. గోడలో ఫైబర్‌కు ఒక పైపు వేశారా అని కూడా ఆ ఇంజనీరు చూడాలి. ఇప్పుడు పునాది తీస్తున్న మిత్రులు సర్కారు కోసం ఆగొద్దు. గేటు నుంచి హాలు దాకా ఇంచు పైపు ఒకటి, లోపల లాగే దారంతో సహా, గోడలు పూత పడకముందే మేస్త్రీతో వేయించుకోండి.